కోళ్లగూటి వెనక ముళ్లతీగ

సిరిల్ ఎడమచేతి బొటనవేలితో తుప్పుపట్టిన మేకును తడిమి చూశాడు. కుడిచేతిలోని పటకారు ముక్కును దాని కిందికి దూర్చి, లాగకుండా, అటూ ఇటూ మెల్లగా కదిపాడు. గుర్రపునాడాలా వంచిన మేకు అది. రెండు కాళ్లూ కర్రలోకి దిగి ఉంటాయి. తొందరపడి లాగితే కర్ర చీలుతుంది, మేకు కింద ఉన్న తీగ తెగుతుంది. ఆయన ఊపిరి బిగబట్టి కదుపుతూనే ఉన్నాడు. చివరికి మేకు కిర్రుమని ఊడి వచ్చింది. దాన్ని జేబులో వేసుకుని పక్కదాని మీదికి వెళ్లాడు.

గూట్లోంచి తోలేసిన కోళ్లు పెరడంతా గోల చేస్తున్నాయి. వంటింటి గుమ్మం ముందు కుర్చీ వేసుకుని అల్బీనా కూర్చుంది. సిరిల్‌కి అక్క. ఎనభై దాటింది, కళ్లకు పొర కమ్మింది. చెవులు మాత్రం చురుకు.

"మెల్లగారా. నా కోళ్లు బెదిరి గుడ్లు మానేస్తే నువ్వు పెడతావా?"

"నేను పెట్టినా చిన్నవనే అంటావు గదా అక్కా."

"నీ మొహానికి పిచ్చుక గుడ్లే ఎక్కువ."

నేను గుంజ కదలకుండా పట్టుకుని నిలబడ్డాను. నాది తాపీ పని. సిరిల్ నాకంటే పదేళ్లు పెద్ద. ద్రాక్షతోటల్లో ఆయన ఇనుపతీగ లాగితే నేను గుంజలకు కాంక్రీటు పోస్తాను. అలా పాతికేళ్లకు పైగా కలిసి పనిచేశాం.

మేము విప్పుతున్నది ద్రాక్షతోట తీగ కాదు. మూడు అకేషియా గుంజలు, వాటి మీద అయిదు వరసల ముళ్లతీగ. నలభై ఏడులో, యుద్ధం ముగిశాక, మా లోయ మీద సరిహద్దు గీత గీసినప్పుడు సైనికులు పాతిన కంచెలో మిగిలిన ముక్క. ఆ ఏడాది వసంతంలో అల్బీనా పెళ్లి చేసుకుని ఎదుటి వాలు మీద ఉన్న ఈ ఇంటికి కాపురానికి వచ్చింది. పుట్టింట్లో నిలబడి పిలిస్తే ఇక్కడికి వినిపిస్తుంది. ఆకులు రాలే కాలానికల్లా ఈ ఇల్లు ఇటలీలోకి పోయింది. పుట్టిల్లు యుగోస్లావియాలో ఉండిపోయింది. అక్కడ వాళ్లమ్మ, రెండేళ్ల సిరిల్ మిగిలారు. తండ్రి యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు.

చాలా ఏళ్ల తర్వాత రెండు దేశాలూ మాట్లాడుకుని గీతను కొద్ది అడుగులు జరిపాయి. కొత్త కంచె అవతల లేచింది. పాతదాంట్లో ఈ ముక్క అల్బీనా పెరట్లో పనిలేకుండా ఉండిపోయింది. ఆవిడ భర్త పొదుపు మనిషి. నిలబడి ఉన్న గుంజల్ని ఎందుకు పోగొట్టుకోవాలని వాటికి పలకలు కొట్టి, పైన పెంకులు వేసి కోళ్లగూడు కట్టేశాడు. తర్వాత కాలం మారింది, కంచెలన్నీ పీకేశారు. ఇనుము పాత సామాన్ల వాళ్లకు పోయింది, గుంజలు పొయ్యిల్లోకి పోయాయి. కోళ్ల పుణ్యమా అని ఇదొక్కటి మిగిలింది.

కిందటి చలికాలంలో రోడ్డు మీద ఆఖరి తనిఖీ కూడా ఎత్తేశారు. కావలి గుడిసె ఉన్న చోట ఖాళీ జాగా మిగిలింది. అక్కడ ఈ ముక్కను నిలబెట్టి అందరూ చూసేలా ఉంచాలని అటు ఊరూ ఇటు ఊరూ కలిసి అనుకున్నాయి. మా పురపాలక కార్యాలయం నుంచి తత్యానా అనే ఆవిడ వచ్చి అల్బీనాను అడిగింది. అల్బీనా ముందు కుదరదంది. కోళ్లకు గోడ కావాలంది. కొత్త గోడ కట్టిస్తామంటే, కొత్తది కోళ్లకు నచ్చదంది. తత్యానా విసుక్కోలేదు. ప్రతి వారం వచ్చింది, కాఫీ తాగింది, కోళ్ల కబుర్లు విని వెళ్లింది. చివరికి అల్బీనాయే దిగివచ్చింది.

"ఇస్తాను. కానీ ఒక్క మాట. ఉన్నది ఉన్నట్టు నిలబెట్టాలి. అదీ మా తమ్ముడే చెయ్యాలి."

సిరిల్ అక్కడే ఉన్నాడు. "ఉన్నదానికంటే బాగా నిలబెడతానక్కా" అన్నాడు.

"బాగా వద్దురా. ఉన్నట్టు."

ఆయన తలూపాడు. రంగు వెయ్యకూడదు, తీగ మార్చకూడదు, ఎక్కడా తుంచకూడదు. అక్క మాట ఆయనకు అంతవరకే అర్థమైంది. నాకూ అంతే అర్థమైంది.

సిరిల్ తీగపని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. తండ్రి లేని ఇంట్లో ఉన్న చిన్న ద్రాక్షతోటకు పన్నెండేళ్ల వయసు నుంచి ఆయనే దిక్కు. మా దగ్గర బూర్యా అని ఒక గాలి వీస్తుంది. శీతకాలంలో కొండ మీంచి దిగి ఇంటి పెంకుల్నే ఎత్తుకుపోతుంది. వదులుగా ఉన్న తీగకు కట్టిన ద్రాక్ష కొమ్మలు ఆ గాలికి కొట్టుకుని విరిగిపోతాయి. అలా రెండేళ్లు పంట పోగొట్టుకున్నాక ఆ కుర్రాడు తనంతట తాను ఒక పద్ధతి కనిపెట్టాడు. చివరి గుంజల్ని వెలుపలికి కాస్త వాల్చి పాతాలి, వాటిని భూమిలోకి లంగరు వేసి కట్టాలి, అప్పుడు తీగను పళ్లచక్రం ఉన్న మర పెట్టి వేలితో మీటితే మోగేదాకా బిగించాలి. అందులో కొత్త ఏమీ లేదని, అన్ని దేశాల్లోనూ అలాగే చేస్తారని తర్వాత తెలిసింది. "నయం, తప్పు కనిపెట్టలేదు" అనేవాడు నవ్వి.

పగలు కుర్చీలు చేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఫిబ్రవరి, మార్చి వచ్చాయంటే సాయంత్రాలూ ఆదివారాలూ తోటల్లోనే. సరిహద్దు దాటి పొలాలకు వెళ్లడానికి చీటీలు ఇచ్చేవాళ్లు గనక అటు ఊరి వాళ్లూ ఆయన్నే పిలిచారు. ఆయనకు మాటలు తక్కువ. తోట యజమాని గుంజకు ఆనుకుని రాజకీయాలు మొదలుపెడితే, "ఆ గుంజ వదిలి మాట్లాడండి, వంగుతుంది" అనేవాడు. ఎక్కడైనా వేలాడే తీగ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఒకసారి ఎవరిదో పెళ్లిలో భోజనాల మధ్యలో మాయమయ్యాడు. చూస్తే, ఆ ఇంటి వెనక బట్టలారేసే తీగ బిగిస్తున్నాడు. ఆయన భార్య నెవెంకా తలుపు దగ్గర నిలబడి, "నాకూ ఈయనకూ పడేది ఇందుకే. నేనొక్కదాన్నే ఆయన బిగించనక్కర్లేకుండా బిగుసుకుని ఉంటాను" అంది. పెళ్లివాళ్లందరూ నవ్వారు.

ఆ చేతులే ఇప్పుడు అల్బీనా కోళ్లగూడు విప్పుతున్నాయి.

పలకలు ఊడాక తీగ బయటపడింది. పైకప్పు కింద వాన తగలక బాగానే నిలిచింది. కానీ రెండో గుంజకూ మూడో గుంజకూ మధ్య కింది నుంచి మూడో తీగ కిందికి, నాలుగోది పైకి వంగి ఉన్నాయి.

"కుంగిపోయింది" అన్నాడు సిరిల్.

"పలకలు కొట్టినప్పుడు ఎడం చేసుంటారు" అన్నాను నేను.

ఆ ఎడంలో ముళ్లు కూడా వింతగా ఉన్నాయి. మిగతా చోట్ల నిటారుగా పొడుచుకుని ఉంటే, అక్కడివి తీగకు అంటుకుపోయి చదునుగా ఉన్నాయి. సిరిల్ వాటి మీద వేలు పోనిచ్చి, "సరుకే నాసిరకం" అని వదిలేశాడు.

గుంజల పాదాలు పుచ్చిపోయాయి. వాటిని కొయ్యకుండా ఆయన ఇనుప చెప్పులు చేశాడు. గుంజ అడుగు అందులో కూర్చుంటుంది, చెప్పును బోల్టులతో నా కాంక్రీటు దిమ్మెకు బిగిస్తాం. అల్బీనాకు కొత్త గోడ కూడా ముందే కట్టాం. కోళ్లు అరక్షణం ఆలోచించి లోపలికి వెళ్లిపోయాయి. "సిగ్గులేని జాతి" అంది అల్బీనా.

జాగాలో గుంజలు నిలబెట్టిన రోజు ఎండ బాగా కాసింది. సిరిల్ చివరి గుంజలు రెండిటినీ వెలుపలికి వాల్చి లంగరు వేశాడు. మూడో గుంజ దగ్గర మర బిగించాడు. తీగను తుంచలేదు, మిగిలిన కొసను మర మీద చుట్టుకుంటూ పోయాడు. ఒక్కో తీగా లేచి, చదునై, మోగింది. నేను దూరం నుంచి ఒక కన్ను మూసి చూశాను. అయిదు గీతలు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. అటుగా సైకిల్ మీద పోతున్న ఒకాయన ఆగి, "ఇంత బాగా కట్టుంటే అప్పట్లో ఎవరూ దూరేవాళ్లు కాదు" అన్నాడు. సిరిల్ ఆ మాటను మెప్పుగానే తీసుకున్నాడు.

ఆదివారం నాడు దాన్ని చూడటానికి రెండూళ్ల జనం వస్తారు. అంతకుముందు బుధవారం సిరిల్ అక్కను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

అల్బీనా కర్ర నా చేతికిచ్చి మొదటి గుంజను తడిమింది. తర్వాత తీగను. ముళ్ల మధ్యనుంచి వేళ్లు పోనిస్తూ, అలవాటైన దారిలో నడిచినట్టు నడిచింది. రెండో గుంజ దాటింది. అక్కడ చెయ్యి ఆగింది. వెనక్కి వచ్చింది, మళ్లీ ముందుకు వెళ్లింది. చెయ్యి తీగల మధ్య దూర్చబోతే మోచెయ్యి దగ్గర ఇరుక్కుంది.

"ఏదిరా?"

"ఏది అక్కా?"

"ఇక్కడ ఉండాలి. తల పట్టేంత ఉండేది."

"ఓ, అదా. తీగ కుంగింది. లాగి బిగించాను. విను." సిరిల్ తీగను మీటాడు. అది మోగింది.

అల్బీనా చెయ్యి వెనక్కి తీసుకుంది. వాలిన చివరి గుంజను, లంగరు తీగను తడిమింది.

"ద్రాక్షతోట వేశావన్నమాట. బాగుంది. కాయలు కోసేటప్పుడు కబురు పెట్టు."

"అక్కా..."

"ఉన్నది ఉన్నట్టు అన్నాను. అన్నానా లేదా?"

"నేనేమీ తుంచలేదక్కా. ఒక్క మేకు కూడా కొత్తది వెయ్యలేదు."

"ఊడదీసి నా పెరట్లో పడెయ్. ఆదివారం నేను రాను." కర్ర కోసం చెయ్యి చాపింది. నేనిచ్చాను. సిరిల్ పట్టుకోబోతే విదిలించి, రోడ్డు అంచు తడుముకుంటూ తనే ఇంటికి నడిచింది.

సిరిల్ తత్యానాకు ఫోన్ చేసి ఉన్న సంగతి చెప్పాడు. "మీ అక్కగారు వద్దంటే పెట్టం సిరిల్ గారూ. ఆ వస్తువు ఆవిడది. వచ్చిన జనానికి నేను చెప్పుకుంటాలెండి" అంది. తిట్టి ఉంటే ఆయనకు తేలికయ్యేది.

ఆ మధ్యాహ్నం మేమిద్దరం అల్బీనా వంటింటికి వెళ్లాం. పొయ్యి మీద యోటా పులుసు ఉడుకుతోంది. పుల్ల క్యాబేజీ, చిక్కుడు గింజల వాసన ఇల్లంతా నిండింది. ఆవిడ మా వైపు తిరగలేదు.

"తల పట్టేంత అన్నావు. ఎవరి తల?" అని అడిగాడు సిరిల్.

గరిటె ఆగింది. "ఎవరి తలేంట్రా? నీదే."

"నాదా?"

"అమ్మ చెప్పలేదా నీకు?"

"ఏం చెప్పాలి?"

అల్బీనా అప్పుడు తిరిగింది. ఆయన మొహం ఉన్న దిక్కుగా పొరకమ్మిన కళ్లతో చూసింది. "ఇన్నేళ్లూ నీకు తెలుసనుకున్నాను. తెలిసీ మాట్లాడవు, నీ తీరే అంత అనుకున్నాను." వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. "నీ ఎడమ చెవి వెనక మచ్చ ఉందిగా. అదెలా వచ్చింది?"

"కోడిపుంజు పొడిచింది. చిన్నప్పుడు."

"అమ్మ చెప్పిందా?"

"బళ్లో మేష్టారు అడిగితే అలాగే చెప్పమంది."

"పుంజూ లేదు, నీ శ్రాద్ధమూ లేదు. ముల్లు చీరింది. మొదటిసారి అమ్మ నిన్ను తీగల్లోంచి నాకు ఇస్తుంటే చీరింది. నువ్వు ఏడ్చావు, కావలివాడు వినేస్తాడని నీ నోరు నేను మూశాను. మర్నాడు అమ్మ తోటలో పనున్నట్టు వచ్చి, రాయి పెట్టి అక్కడి ముళ్లన్నీ చదునుగా కొట్టేసింది."

సిరిల్ నా వైపు చూశాడు. నాసిరకం సరుకని మేము వదిలేసిన ముళ్లు ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చాయి.

అల్బీనా చెప్పుకుపోయింది. అమ్మ అటునుంచి మోచేత్తో మూడో తీగను కిందికి నొక్కేది. అల్బీనా ఇటునుంచి నాలుగోదాన్ని భుజంతో పైకి ఎత్తేది. ద్రాక్ష కొమ్మలు కట్టే, తాడులా వంగే విల్లో చెట్టు రెమ్మలు అమ్మ నడుముకు ఎప్పుడూ ఉండేవి. ఒక రెమ్మతో నాలుగో తీగను పైదానికి, ఇంకోదానితో మూడోదాన్ని కిందిదానికి మెలేసి కట్టేది. పిల్లాడు ఆ సందులోంచి ఇటు వచ్చేవాడు. అల్బీనా వాడికి తల దువ్వేది, పాలు తాగించేది, కాసేపు ఎత్తుకునేది. మళ్లీ అటు ఇచ్చేసేది. వెళ్లేముందు అమ్మ రెమ్మలు విప్పి జేబులో పెట్టుకునేది. కొన్ని నెలలకు రెమ్మలు లేకపోయినా తీగ అలా వంగే నిలబడింది. రెండేళ్ల తర్వాత కావలి పెరిగింది, కంచె పక్క నేలంతా దున్నేసి అడుగుపడితే తెలిసేలా చేశారు. ఇక అమ్మ రాలేదు. మళ్లీ అక్కాతమ్ముళ్లు దగ్గరగా చూసుకున్నది చీటీలు వచ్చాకే. అప్పటికి సిరిల్‌కి పదేళ్లు. అక్కకు కరచాలనం కోసం చెయ్యి చాపాడట, పరాయి మనిషికి చాపినట్టు.

"మా ఆయన గూడు కడతానంటే నేనే అక్కడ కట్టమన్నాను. తీగ ఎవరూ ముట్టుకోరని. ఆఖరికి నువ్వు ముట్టుకున్నావు" అంది అల్బీనా.

సిరిల్ చెవి వెనక మచ్చను వేలితో రుద్దుకుంటున్నాడు. "అమ్మ నాకెందుకు చెప్పలేదు?"

"చిన్నప్పుడు చెప్తే బళ్లో వాగుతావు. పెద్దయ్యాక... ఏమో. నువ్వు అడిగావా?"

యోటా పెట్టింది. ఆయన తినలేదు. నేను రెండు గిన్నెలు తిన్నాను, ఎవరో ఒకరు తినాలి గనక.

తిరిగి జాగాకు వచ్చి సిరిల్ బోల్టులు వదులు చేశాడు. వాల్చిన గుంజల్ని నిటారుగా నిలబెట్టాం, లంగర్లు పీకేశాం. తర్వాత మర వెనక్కి తిప్పాడు. తీగలు వదులయ్యాయి గానీ సందు తెరుచుకోలేదు. రెండూ కలిసి ఒకవైపే వేలాడాయి. బిగువు దెబ్బకు పాత వంపు పోయింది.

ఆయన సంచిలోంచి పాత తీగ ముక్క ఒకటి తీసి పటకారుతో వంచి చూశాడు. కొక్కెంలా ఒకచోట విరిగినట్టు వంగింది. వంగినచోట తుప్పు రాలి ఇనుము మెరిసింది. ముక్కను అవతల పారేశాడు.

"పటకారుతో చేస్తే అబద్ధం" అన్నాడు.

"ఎలా చేసినా మనం ఇప్పుడు చేసిందే గదా" అన్నాను.

ఆయన చదునైన ముళ్లను ఒక్కోదాన్నే తడుముతూ ఆ చివర నుంచి ఈ చివర దాకా వెళ్లాడు. ఎక్కడ మొదలయ్యాయో, ఎక్కడ ఆగాయో చూసుకున్నాడు. సరిగ్గా ఒక మనిషి రెండు మోచేతులంత వెడల్పు.

"ఎలా వంగిందో అలాగే వంచాలి" అన్నాడు చివరికి. "చోటు ముళ్లు చెప్తున్నాయి. అక్క ఉంది. అమ్మ వైపు నేను నిలబడతా. అది మరమ్మతు అవుతుంది. అంతకంటే నిజం నాకు చేతకాదు."

అల్బీనాను ఒప్పించడానికి శుక్రవారం దాకా పట్టింది. ముందు తలుపు తియ్యలేదు. సిరిల్ కిటికీ బయట నిలబడి, "తప్పు చేశానక్కా. నా చేతులకు వదులు తీగ కనిపిస్తే ఆగవు. నువ్వు వచ్చి చెయ్యి వేస్తే తప్ప సరికాదు" అన్నాడు. కిటికీ అద్దం మీద ఒకసారి తట్టాడు. "రాకపోతే తెచ్చి గూటికే కొడతాను. కానీ నీ కోళ్లకు కొత్త గోడే నచ్చింది" అన్నాడు.

లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. "ఆ కోళ్లనీ నిన్నూ ఒకే గంపలో వెయ్యాలి" అంది అల్బీనా.

శనివారం మధ్యాహ్నం ఆవిడ ఏప్రాన్ కట్టుకుని వచ్చింది. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో గుడ్డలో చుట్టిన క్యాబేజీ.

"అదెందుకు?" అన్నాను.

"వీడి తల. అప్పుడు ఇంతే ఉండేది. ఇప్పుడూ లోపల పెద్ద తేడా ఏమీ లేదనుకో."

సిరిల్ విల్లో రెమ్మలు పొద్దున్నే నీళ్లలో నానబెట్టి తెచ్చాడు. నన్ను మర దగ్గర నిలబెట్టాడు. "నేను చెప్పినప్పుడు ఒక్క పన్ను వదులు. ఒక్కటే. చెప్పేదాకా ఆగు." తను పుట్టింటి వైపుకు వెళ్లాడు. అల్బీనా ఇటువైపు నిలబడింది. ఇద్దరి మధ్యా అయిదు తీగలు.

"నేనెలా నిలబడాలి?" అని అడిగాడు.

"అమ్మ మోకాలు రెండో తీగకు ఆనించేది. కాదు, ఎడమ మోకాలు. ఆ. ఇప్పుడు రెండు మోచేతులూ మూడోదాని మీద పెట్టు. బరువంతా వెయ్యి. సిగ్గుపడకు, అమ్మ నీకంటే బరువు."

ఆయన వంగాడు. అల్బీనా కుడి భుజాన్ని నాలుగో తీగ కింద పెట్టింది. ఎనభై దాటిన భుజం. నాకు భయమేసింది. ఆవిడకు లేదు.

"ఒకటి" అన్నాడు సిరిల్. నేను మర ఒక పన్ను వదిలాను. తీగ జరిగింది. "ఇంకోటి." గుంజను రాసుకుని తీగ గరగరమంటూ మధ్యకు వచ్చింది. మూడోది ఆయన మోచేతుల కింద దిగింది, నాలుగోది ఆవిడ భుజం మీద లేచింది. విరుపు ఎక్కడా లేదు. విల్లు వంగినట్టు వంగుతోంది.

"ఆగు." అల్బీనా ఎడమచెయ్యి సందులోంచి దూర్చి తమ్ముడి మెడ వెనక్కి పోనిచ్చింది. వేళ్లు మచ్చ దగ్గర ఆగాయి. ఆయన కదల్లేదు. మోచేతుల మీది బరువు తియ్యలేదు.

"జుట్టు ఊడిపోయిందిరా" అంది ఆవిడ.

"దువ్వేవాళ్లు లేరు గదా."

"ఊ. క్యాబేజీ ఇవ్వవయ్యా మేస్త్రీ."

నేను మర ఒక చేత్తో పట్టుకునే, రెండో చేత్తో అందించాను. ఆవిడ దాన్ని సందులో పెట్టింది. పట్టలేదు. "ఇంకొక్క పన్ను" అంది, ఈసారి తనే. వదిలాను. మళ్లీ పెట్టింది. క్యాబేజీ పై ఆకు ఒకటి ముల్లుకు చీరుకుంది గానీ, అటు చేరింది. సిరిల్ గడ్డంతో ఆపి పట్టుకున్నాడు.

"చాలు. మేకులు కొట్టు" అన్నాడు నాతో, క్యాబేజీ మీదనుంచే.

ఆయన జేబులో దాచిన పాత మేకుల్నే పాత కంతల్లో దించాను. తర్వాత సిరిల్ ఒక చెయ్యి తప్పించి విల్లో రెమ్మను నాలుగో తీగ చుట్టూ తిప్పి, పైదానికి మెలేసి, కొనను కిందికి దోపాడు. తోటలో కొమ్మలకు కట్టే ముడే. ఇంకోటి కింద కట్టాడు. అల్బీనా రెండు ముడులూ తడిమి చూసింది.

"అమ్మ కొన ఎడమవైపు దోపేది."

ఆయన విప్పి ఎడమవైపు దోపాడు.

"రాత్రంతా ఉండనీ. రేపు విప్పెయ్. అమ్మ విప్పకుండా ఎప్పుడూ వెళ్లలేదు" అంది ఆవిడ.

ఆదివారం జనం రాకముందే మేము అక్కడున్నాం. రాత్రి బూర్యా వీచింది. సిరిల్ నడిచి వస్తూనే దూరం నుంచి తీగ వైపు చూశాడు. సందు నిలిచే ఉంది. రెమ్మల కొనలు లాగి ముడులు విప్పాడు. చేతులు తీశాక నాలుగో తీగ వేలెడంత దిగి ఆగింది, మూడోది కదల్లేదు. మరను గుంజ నుంచి ఊడదీసి సంచిలో పడేశాడు. వేలితో తీగ మీటబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తత్యానా వచ్చింది. కంచె చుట్టూ ఒకసారి తిరిగింది. "మొన్న తీగలు తిన్నగా ఉండేవి కదండీ?"

"మొన్న తప్పు కట్టాను. ఇవాళ ఉన్నట్టు ఉంది."

ఆవిడ అల్బీనా వైపు చూసింది. అల్బీనా సందులోకి చెయ్యి పోనిచ్చి, భుజం దాకా తోసి, వెనక్కి తీసుకుంది. "తీసుకోండమ్మా. ఇచ్చాను" అంది.

సిరిల్ బోల్టులు తిప్పే పానాను తత్యానా చేతిలో పెట్టాడు. "వానాకాలం అయ్యాక బోల్టులు ఒకసారి చూడమనండి. తీగ మాత్రం ఎవరూ బిగించకూడదు. నన్ను పిలిచినా సరే, బిగించనివ్వకండి."

విప్పిన విల్లో రెమ్మలు రెండూ ఇంకా తడిగానే ఉన్నాయి. అల్బీనా వాటిని చుట్టి ఏప్రాన్ జేబులో వేసుకుంది. పెరట్లో కట్టాల్సిన ద్రాక్షకొమ్మ ఒకటి మిగిలి ఉందంది.